కారణం నేనైతే

"మీ చెల్లెలికి ఏం పడదండీ?" అని అడగని మనిషి మా వీధిలో లేడు. పాలుపోసే ఆయన అడిగాడు, బ్యాంకు కౌంటర్లో అమ్మాయి అడిగింది, కళ్ళజోడుకు ఊడిన స్క్రూ బిగించుకుందామని వచ్చినవాళ్ళు తీరిగ్గా కూర్చుని మరీ అడిగారు. తెలియదండీ అంటే నమ్మరు. నేనేదో దాస్తున్నానన్నట్టు ఓ చూపు చూసి, తమకు తెలిసిన కథ మొదలుపెడతారు. ఒకాయన మేనకోడలికి రొయ్యలు పడవు. ఒకావిడ తోడికోడలికి పిల్లి బొచ్చు పడదు. ఇంకొకరి బావమరిదికి తేనెటీగ కుడితే మొహం గుమ్మడికాయంత అయింది. "ఏదో ఒకటి ఉండే ఉంటుందండీ, మీరు సరిగ్గా చూసుకుని ఉండరు" అని తీర్పు చెప్పేసి, బిగించిన కళ్ళజోడు పెట్టుకుని దర్జాగా వెళ్ళిపోతారు. నాకసలే ముక్కుమీద కోపం. వెనకాలే వెళ్ళి ఆ స్క్రూ ఊడదీసి తెచ్చుకుందామా అనిపించేది.

మాది కళ్ళజోళ్ళ దుకాణం. కింద దుకాణం, మేడమీద ఇల్లు, మధ్యలో ఇరుకు మెట్లు. నాన్న పోయాక నేనూ చెల్లెలూ నడుపుతున్నాం. వెనక గదిలో కూర్చుని అద్దాలను ఫ్రేముకు సరిపడా అరగదీయడం నా పని. ముందు బల్ల దగ్గర కూర్చుని, ఆ ఫ్రేమును మనిషి ముక్కుమీద జారకుండా నిలబెట్టడం దాని పని. ఈ పంపకం నాన్నే చేశాడు. నేను ముందు కూర్చుంటే వచ్చినవాళ్ళు వచ్చినట్టే పారిపోతారని ఆయన భయం. అమ్మ పోయేనాటికి చెల్లెలు గోడ పట్టుకుని నడుస్తోంది. నాకు అప్పటికే నా జడ నేను వేసుకోవడం వచ్చు కాబట్టి, దాని జడ కూడా నా చేతికే వచ్చింది. దానికి పెళ్ళయింది, కణతల దగ్గర తెల్లవెంట్రుకలు కూడా వచ్చాయి, అయినా నా నోటికి అది చిన్నదే. దాని మొగుడు, అంటే మా మరిది, ఇల్లిల్లూ తిరిగి నీటి మీటర్లు చూసే ఉద్యోగి. నోట్లో నాలుక లేని మనిషి. పెళ్ళయ్యాక అతనే వచ్చి మా మేడమీద చేరాడు. నువ్వెందుకు చేసుకోలేదని నన్నెవరైనా అడిగితే, తీరిక లేక అంటాను. అది సగం అబద్ధం.

మొదటిసారి వచ్చింది దుకాణంలోనే. రిటైరైన సంగీతం మాస్టారు ఒకాయన కొత్త కళ్ళజోడు కోసం వచ్చాడు. చిన్నది ఆయన ఎదురుగా వంగి, చెవి వెనక కాడ ఎక్కడ ఒత్తుతోందో వేలితో తడిమి చూస్తోంది.

"అక్కా, అరచేతులు దురదగా ఉన్నాయే" అంది అక్కణ్ణుంచే.

"కడుక్కో" అన్నాను మిషను ఆపకుండా.

కుళాయి దగ్గరికి వెళ్ళింది. కాసేపటికి నా గది గుమ్మంలో నిలబడింది. మెడ దాకా ఎర్రటి దద్దుర్లు. పెదవులు దానివి కావు, ఎవరివో తెచ్చి అతికించినట్టున్నాయి. "అక్కా, నేను చచ్చిపోతున్నాను" అంది. అరవలేదు, ఏడవలేదు. రేపు దుకాణం తెరవనని చెప్పినట్టు చెప్పింది. ఆ గొంతు కూడా దానిది కాదు. ఆ మాట అని, గోడకు జారబడి కింద కూలిపోయింది. నేను దాన్ని పట్టుకుని అక్కడే కూర్చుండిపోయాను. పాపం ఆ మాస్టారే ఆంబులెన్సుకు ఫోను చేశాడు.

ఆంబులెన్సులో తొడమీద ఒక ఇంజెక్షను పొడిచారు. మా వీధి మలుపు తిరిగేసరికి అది కళ్ళు తెరిచి, "మాస్టారి కాడ ఇంకా సరిచెయ్యాలి" అంది. పోతున్న ప్రాణం అంత సులువుగా తిరిగొచ్చేసరికి, ఇది ఇంతటితో తీరిపోయిందనుకున్నాను.

తీరలేదు. మళ్ళీ మెట్లమీద వచ్చింది. మళ్ళీ బస్టాపులో, ఏదో జోకు చెప్పుకుని నవ్వుతూండగా వచ్చింది. పెద్దాసుపత్రిలో అలర్జీలు చూసే డాక్టరమ్మ దగ్గరికి పంపారు. మనిషి పిడికెడు, గొంతు మాత్రం హాలంతా వినిపిస్తుంది. మేము ఇదంతా భయంవల్లో నీరసంవల్లో అనుకుంటూ వెళ్ళాం. ఆవిడ కాదంది. అలర్జీ దాడి నిజంగా వచ్చినప్పుడు పెరిగే పదార్థం ఒకటి రక్తంలో పెరిగి ఉందని, ఇది మనసు చేసే మాయ కాదని చెప్పింది. చిన్నదాని ముంజేతి మీద వరసగా చుక్కలు పెట్టి ఒక్కొక్క దాని దగ్గరా సన్నగా గుచ్చింది. గుడ్డు, పాలు, చేప, వేరుసెనగ, దుమ్ము, పుప్పొడి. ఒక్క చోటా పొంగలేదు. వేసుకునే మాత్రలు అడిగింది, ఎక్కిన మెట్లు అడిగింది, కుట్టిన పురుగులు అడిగింది. నడుము దగ్గర ఎముకలోంచి మూలుగ కూడా తీయించి చూసింది. అన్నీ అయ్యాక మమ్మల్ని కూర్చోబెట్టింది.

"కారణం దొరకలేదమ్మా. కారణం తెలియని తీవ్రమైన అలర్జీ అని దీనికి పేరు. వెతకాల్సినవన్నీ వెతికి, అవేవీ కావని తేల్చుకున్నాకే ఈ పేరు పెడతాం."

"తెలియదని చెప్పడానికి ఇన్ని సూదులా డాక్టరుగారూ?" అన్నాను. బల్ల కింద చిన్నది నా కాలు తొక్కింది.

ఆవిడకు కోపం రాలేదు. "ఒంట్లో కాపలా కాసే కణాలుంటాయి. దొంగొస్తే గంట కొట్టాలి. మీ చెల్లెలి ఒంట్లో దొంగ రాకుండానే కొడుతున్నాయి. ఎందుకో ఇంకా ఎవరికీ తెలియదు. కొందరికి కొన్నేళ్ళకు దానంతటదే సద్దుమణుగుతుంది. అందాకా ఈ మాత్రలు రోజూ వేసుకోవాలి. ఇవి రెండూ ఎప్పుడూ ఒంటి మీదే ఉండాలి" అని రెండు ఇంజెక్షన్ పెన్నులు బల్లమీద పెట్టింది.

మూత తీసి, తొడకు బయటివైపు, బట్టమీంచే గట్టిగా నొక్కి, కాసేపు అలాగే పట్టుకోవాలి. వెంటనే పడుకోబెట్టి కాళ్ళు ఎత్తిపెట్టాలి. లేచి నిలబడనివ్వకూడదు, నడవనివ్వకూడదు. తగ్గకపోతే రెండోది. ఈలోపు ఆంబులెన్సుకు ఫోను. సూది లేని ఉత్తుత్తి పెన్ను ఒకటిచ్చి మా ముగ్గురి చేతా చేయించింది. మరిది దాన్ని పొడిచేటప్పుడు మొహం గోడవైపు తిప్పుకున్నాడు. అదే నిజం పెన్నయితే కుర్చీని పొడిచి ఉండేవాడు. చిన్నది నవ్వింది. నేనూ నవ్వాను గానీ, ఇంటికొచ్చే దారంతా ఇక దీని ప్రాణం నా చేతిలోనే ఉందని తెలుస్తూనే ఉంది.

చిన్నది పెన్నులు పెట్టుకోవడానికి జిప్పున్న చిన్న సంచి ఒకటి కుట్టించుకుని నడుముకు కట్టుకుంది. ఆ సంచి కట్టుకున్నాక దాని నడకే మారిపోయింది. ఎప్పుడూ ఓ చెయ్యి దానిమీదే.

దొంగ లేకుండా గంట మోగడం నాకు మింగుడు పడలేదు. మా దుకాణంలో అలాంటి సంగతి ఉండదు. కొత్త కళ్ళజోడు పెట్టుకుంటే తలనొప్పి వస్తోందని ఎవరైనా తిరిగొస్తే, నాన్న ఏమీ తొణక్కుండా మొదలుపెట్టేవాడు. ముందు ముక్కు దగ్గరి మెత్తలు మార్చేవాడు. వాడి చూసి రమ్మనేవాడు. తగ్గకపోతే కాడ వంపు మార్చేవాడు. తర్వాత అద్దం మధ్య గుర్తు కనుపాపకు ఎదురుగా ఉందో లేదో చూసేవాడు. ఆ తర్వాతే పవర్. "ఒకసారికి ఒక్కటే మార్చండే. రెండు కలిపి మారిస్తే ఏది పనిచేసిందో మీకెప్పటికీ తెలీదు" అని మా ఇద్దరికీ నూరిపోశాడు. అలా చేస్తూపోతే తగ్గని తలనొప్పి నేను చూడలేదు. దీన్నీ అలాగే పట్టుకుందామని నిశ్చయించుకున్నాను. చిన్నదీ సరేనంది. అదీ నాన్న కూతురే మరి.

ముందు గుడ్డు తీసేశాం. కొన్నాళ్ళు చూశాం. వచ్చింది. గుడ్డు అలాగే ఉంచి పాలు తీసేద్దామా, గుడ్డు మళ్ళీ పెట్టి పాలు తీసేద్దామా అని ఒక పూటంతా వాదించుకున్నాం. చేప తీశాం, గోధుమ తీశాం, పంచదార తీశాం. సబ్బు మార్చాం. దిండ్లు మార్చాం. దుకాణంలో జిగురు మార్చాం, అద్దాలకు మెరుగుపెట్టే పొడి మార్చాం, లోహపు ఫ్రేములన్నీ డబ్బాల్లో పెట్టి అటక ఎక్కించాం. అది ఉడకేసిన బంగాళదుంపలూ ఉప్పూ తిని బతికింది. "అక్కా, ఇంకొన్నాళ్ళు పోతే నన్ను ఉప్పు కూడా మానమంటావు, అప్పుడు నీ మొహం చూస్తూ తింటాను, అదే కాస్త ఘాటుగా ఉంటుంది" అనేది. నవ్వేవాళ్ళం. నవ్విన తర్వాత దాని మెడ ఎముకలు కనిపించేవి.

డాక్టరమ్మ చూసి చీవాట్లు పెట్టింది. పరీక్షలో పడదని తేలని తిండి మాన్పించడం వైద్యం కాదని, జబ్బు చంపకపోతే నేనే చంపేట్టున్నానని మొహం మీదే అంది. మళ్ళీ అన్నీ తినమంది. తినడానికి చిన్నదానికి ధైర్యం చాలలేదు. ప్రతి ముద్దనూ అనుమానంగా చూసేది. నోట్లో పెట్టుకుని, మింగే ముందు అరచేతులు చూసుకునేది. దర్జీ కొట్లో కొలతలిస్తూండగా మళ్ళీ వచ్చింది. అప్పుడు రెండు పెన్నులూ పట్టాయి. గుడ్డముక్కల మధ్య నేలమీద పడుకుని నా చెయ్యి పట్టుకుంది. "ఈ బతుకు నాకొద్దే అక్కా" అంది. దాని నోటి వెంట అలాంటి మాట ఎన్నడూ వినలేదు నేను.

అలా ఉండగా ఓ పొద్దున మరిది టీ తాగుతూ, చెంచా గ్లాసులో తిప్పుతూనే ఉన్నాడు. ఆ ఇంట్లో పంచదార ఎప్పుడో మానేశాం. అది తిప్పడం కాదు, ఏదో చెప్పడానికి కూడదీసుకోవడం.

"వదినగారూ, తప్పుగా అనుకోరు కదా?"

"అనుకుంటాను. చెప్పు."

"దుకాణంలో వచ్చినప్పుడు మీరున్నారు. మెట్లమీద వచ్చినప్పుడూ మీరున్నారు. బస్టాపులో, దర్జీ కొట్లో, అన్నిచోట్లా మీరున్నారు. నేనొక్కణ్ణే ఉన్నప్పుడు ఒక్కసారీ రాలేదు. అన్నీ మార్చి చూశాం కదండీ. మార్చనిది..." అని ఆగిపోయి నీళ్ళు నమిలాడు.

"మీరు కాస్త నోరు మూసుకుంటారా?" అంది చిన్నది.

నాకు ఒళ్ళు మండిపోయింది. పెంచి పెద్దచేసిన దాన్ని, ఈ మీటర్లు చూసుకునేవాడా నాకు చెప్పేది అనుకుంటూ విసవిసా కిందకి దిగి వెనక గదిలో కూర్చున్నాను. మిషను వేసి ఒక అద్దం పెట్టాను. అది అరుగుతూ ఉంది, నేను లెక్క చూసుకుంటూ ఉన్నాను. అతను చెప్పింది నిజమే. ఒక్కసారి కూడా తప్పలేదు. అద్దం కావాల్సినదానికంటే ఎక్కువ అరిగి పాడయిపోయింది. దాన్ని చేతిలో పట్టుకుని కూర్చుంటే, కోపం పోయి ఇంకేదో వచ్చింది. సంతోషమని చెప్పడానికి సిగ్గుపడను. ఇన్నాళ్ళుగా వెతుకుతున్నది దొరికింది. గుడ్డూ పాలూ తీసేయగలిగినప్పుడు నన్ను తీసేయడం ఏమంత పని?

డాక్టరమ్మ దగ్గరికి ఒక్కదాన్నే వెళ్ళి చెప్పాను. ఆవిడ కలం కింద పెట్టేసింది.

"మీరు వాడే సబ్బులూ నూనెలూ ఇదివరకే చూశామమ్మా. మీరు రోజంతా తన పక్కనే ఉండే మనిషి. మీ మరిది పొద్దున పోయి సాయంత్రం వచ్చే మనిషి. ఎప్పుడొచ్చినా పక్కన మీరు కాక ఇంకెవరుంటారు? పెన్ను పొడిచింది కూడా ప్రతిసారీ మీరే. అది ఎవరూ లెక్కలో వేసుకోలేదా?"

"ఒక్కసారి తీసేసి చూస్తే తప్పేముంది డాక్టరుగారూ?"

"తప్పుందో లేదో, ఒక్క మాట వినండి. ఇది తనంతట తను నెలల తరబడి ఊరుకుంటుంది. ఊరుకున్నప్పుడు దాన్ని నమ్మకండి. పెన్నులు మాత్రం ఒంటి మీంచి తీయొద్దు."

మంచి డాక్టరే. కానీ కారణం లేకపోయినా ఆవిడ పని నడుస్తుంది. నాకు కారణం కావాలి.

చిన్నది రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు నేను పెట్టె సర్దుకుంటూంటే వచ్చి మూతమీద కూర్చుంది.

"నిన్ను తీసేసుకుని నేనేం బావుకుంటానే?"

"బతుకుతావు."

"అలా బతకమని ఎవడడిగాడు?"

"నేనడుగుతున్నాను. లే, నా చీర నలుగుతోంది."

అది లేవలేదు. ఏడుస్తూ అలాగే కూర్చుంది. దాన్ని ముట్టుకోవడానికి కూడా నాకు భయమేసింది. నా చేతిలోనే ఏదో ఉందేమోనని, చెయ్యి చాపి మళ్ళీ వెనక్కి తీసుకున్నాను. అది చూసింది. చూసి, లేచి పక్కకి తప్పుకుంది.

ఊరికి ఆ చివర, టైర్ల కొట్టు మీద ఒక గది తీసుకున్నాను. కిటికీ తెరిస్తే రబ్బరు వాసన, మూస్తే ఉక్క. ఒక పెద్ద కళ్ళజోళ్ళ కంపెనీలో అద్దాలు అరగదీసే గదిలో పని దొరికింది. అక్కడ ఎవరి అద్దం ఎవరి ముక్కుమీదకు పోతుందో తెలియదు. పక్క మిషను మీద పనిచేసే ఆవిడ, ఇంట్లోవాళ్ళతో గొడవపడి వచ్చేశావా అని అడిగింది. అవునన్నాను. నిజం చెబితే ఇంకా పెద్ద కథ అయ్యేది. ఒక్కదానికే వండుకోవడం చేతకాక మొదట్లో రోజూ ఇద్దరికి సరిపడా వండి, మిగిలింది చూసి ఏడుపొచ్చేది. అయినా రోజూ ఫోను మోగేది, రోజూ అది బాగానే ఉండేది.

ఒక నెల గడిచింది. ఇంకో నెల గడిచింది. "ఇవాళ గుడ్డు తిన్నానే" అంది ఫోనులో. "ఇవాళ పాలు." "ఇవాళ ఆయన చేప తెచ్చారు. ముల్లు గుచ్చుకుంది తప్ప ఏమీ కాలేదు." మరిది ఫోను తీసుకుని, "మిమ్మల్ని అలా అన్నందుకు..." అని మొదలుపెట్టాడు. ఊరుకోవయ్యా, నీ బుర్రలోంచి వచ్చిన మంచి మాట అదొక్కటే అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

చలికాలం పోయి ఎండలు వచ్చాయి. దాన్ని చూడాలని ప్రాణం కొట్టుకుపోయింది. దగ్గరికి పోకూడదు కదా, అందుకని ఓ సెలవు రోజు మా వీధికే వెళ్ళి, అవతలి ఫుట్‌పాత్ మీద చెప్పుల కొట్టు ముందు నిలబడ్డాను. ఫోను చేస్తే చిన్నది దుకాణం అద్దం దగ్గరికి వచ్చింది. మధ్యలో కార్లూ బస్సులూ పోతున్నాయి. ఒళ్ళు చేసింది. బుగ్గలొచ్చాయి. ఆగమని చేత్తో సైగ చేసి లోపలికి పోయి, రొట్టె మీద తేనె రాసుకుని తెచ్చి, నాకు కనిపించేలా పైకెత్తి చూపించి, ఓ పెద్ద ముక్క కొరికింది. బుగ్గ నిండా పెట్టుకుని నవ్వుతోంది. నేను చెప్పుల కొట్టు ముందు నిలబడి, పోయేవాళ్ళంతా చూస్తూండగా, పిచ్చిదానిలా చప్పట్లు కొట్టాను.

అప్పుడే దాని నడుము చూశాను. సంచి లేదు.

నేను దాన్ని అడగలేదు. ఆ సంచి లేకుండా అది ఎంత తేలిగ్గా తిరుగుతోందో చూస్తూ నిలబడ్డాను. డాక్టరమ్మ మాట గుర్తుకు రాకపోలేదు. వచ్చింది. కానీ కారణం నేనయినప్పుడు, నేను రోడ్డుకు ఇవతల ఉన్నప్పుడు, ఇంకా పెన్నులెందుకు అనుకున్నాను. ఆ సాయంత్రం బస్సులో కూర్చుని, బతికినంతకాలం టైర్ల కొట్టు మీదే ఉండిపోతానని, ముసలితనంలో కూడా చెప్పుల కొట్టు ముందు నిలబడి దాన్ని చూసుకుంటానని లెక్కలు వేసుకున్నాను. నా అంత అదృష్టవంతురాలు ఆ బస్సులో లేదనుకున్నాను.

ఫోను వచ్చినప్పుడు మిషను దగ్గరున్నాను. మరిది గొంతు. మాటలు ఒకదాంతో ఒకటి అతకడం లేదు. చిన్నది దుకాణంలో ఒక్కతే ఉంది. ఎవరో ఆవిడకు ఫ్రేములు చూపిస్తూ, అరచేతులు ఒకదాంతో ఒకటి రుద్దుకోవడం మొదలుపెట్టింది. పెన్నులు మేడమీద సొరుగులో ఉన్నాయి. ఆవిడను కూర్చోమని చెప్పి, వాటి కోసం మెట్లెక్కింది. సగం దాకా ఎక్కగలిగింది. పడిన చప్పుడు విని ఆ వచ్చినావిడే ఆంబులెన్సును పిలిచింది.

నేను వెళ్ళేసరికి గొంతులో గొట్టం వేసి లోపల పడుకోబెట్టారు. మరిది నడవలో బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. అతని ఒళ్ళో నడుముకు కట్టుకునే ఆ సంచి. అంతా అయ్యాక తెచ్చాడు సొరుగులోంచి. ఏమనగలను? నేనూ చూశాను సంచి లేదని. నేను చప్పట్లు కొట్టాను.

డాక్టరమ్మ బయటికొచ్చింది. బతుకుతుందనే అనుకుంటున్నానంది. అప్పుడు నేను చేయాల్సింది ఆవిడకు దండం పెట్టి కూర్చోవడం. అలా చేయలేదు.

"డాక్టరుగారూ, నా దుప్పటి ఒకటి ఆ ఇంట్లో ఉండిపోయింది" అన్నాను.

ఆవిడ నా వైపు చూసింది.

"అటకమీద నా పాత బట్టలు కూడా ఉన్నాయి. వాటివల్ల అయ్యుండొచ్చు కదండీ. మొన్న నేను ఆ వీధికి వెళ్ళాను కూడా. రోడ్డవతలే నిలబడ్డాను, కానీ గాలి అటువైపు వీస్తోందేమో. నేను పంపిన తువ్వాలు ఉంది. నేనే కుట్టాను దాన్ని. అది కూడా చూస్తారా?"

"అమ్మా" అంది డాక్టరమ్మ. ఆవిడ గొంతు అంత చిన్నగా ఉండగలదని అప్పుడే తెలిసింది. "మీరు కాదమ్మా. ఎవరూ కాదు. కూర్చోండి."

కూర్చున్నాను. మరిది జరిగి చోటిచ్చాడు. అతనికి నన్ను ఓదార్చాలని ఉంది, ఎందుకు ఓదార్చాలో మాత్రం అతనికి తెలియదు.

మర్నాడు గొట్టం తీశారు. ఒక్కొక్కరినే రమ్మన్నారు. మొగుడు చూసి వచ్చాక నేను వెళ్ళాను. గుమ్మం దగ్గరే నా కాళ్ళు ఆగిపోయాయి. ఇన్ని నెలలుగా దూరంగా ఉండటం అలవాటైపోయి, ఎంత దాకా వెళ్ళొచ్చో నాకే తెలియలేదు. అది కళ్ళు తెరిచి నన్ను చూసింది. పెదవులు ఇంకా వాచే ఉన్నాయి. చెయ్యి కొంచెం ఎత్తి, దగ్గరికి రమ్మని వేళ్ళు ఆడించింది.

వెళ్ళి పక్కన కూర్చున్నాను. నా చెయ్యి దొరకపుచ్చుకుని గట్టిగా పట్టుకుంది. గొంతు బొంగురుపోయి, మాట గాలితో కలిసి వస్తోంది. చెవి దాని నోటి దగ్గర పెట్టాను.

"నువ్వు కాదే అక్కా" అంది.

ఊపిరి తీసుకుని మళ్ళీ అంది. "నువ్వు లేవుగా అసలు. అయినా వచ్చింది. నేను మెట్లమీద పడ్డప్పుడు కూడా అదే అనుకున్నా. అమ్మయ్య, అక్క కాదు అని."

దాని మొహం వెలిగిపోతోంది. ఎన్నో నెలలుగా దాని గుండెమీదున్న బరువు దిగిపోయింది. తల్లిలాంటి అక్క తన పాలిట విషమని నమ్ముతూ, అది ఆ గుడ్లూ పాలూ ఎలా మింగిందో నాకు తెలియదు. నేనెప్పుడూ అడగలేదు.

"ఇంటికొచ్చేస్తావుగా?" అంది.

వస్తానన్నాను. వెళ్ళక ఎక్కడికి పోతాను. వెళ్ళి దాని పక్కనే ఉంటాను, దాని అరచేతులు చూస్తూ. గుడ్డు తింటున్నప్పుడు చూస్తాను, నవ్వుతున్నప్పుడు చూస్తాను, ఊరికే కూర్చున్నప్పుడు కూడా చూస్తాను. దేన్ని దూరం పెడితే ఇది బతుకుతుందో నాకిక తెలియదు. దూరంగా ఉండటమైనా నా చేతిలో ఉండేది. అది కూడా పోయింది. నేనే అయ్యుంటే ఎంత బాగుండేదని అక్కడ కూర్చుని అనుకున్నాను.

కళ్ళవెంట నీళ్ళు కారిపోతున్నాయి. ఆపడం నావల్ల కాలేదు. అది నా చేతిని బుగ్గకు ఆనించుకుని, "పిచ్చిదానా, ఎందుకే అంత సంతోషం?" అంది.

అలాగే అనుకోనిచ్చాను.